నోరు విప్పని దబ్బతొక్క

నూరుల్లా కాచిన మలాం మళ్లీ చెడిపోయింది.

మూకుడు మీద మూత తీయగానే పాత నెయ్యి కంపు గుప్పున ముఖానికి కొట్టింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గోడ మీద తొండ ఒకటి తలాడిస్తోంది, అవునవును చెడింది అన్నట్టు.

పెన్న ఒడ్డున, దబ్బ తోటల నడుమ ఒక తకియా ఉండేది. తకియా అంటే ఫకీర్లు తలదాచుకునే చోటు. ఇది నవాబుల కాలం నాటి మాట. ఆ తకియాలో కంబళి సాహెబు అనే సూఫీ గురువు ఉండేవాడు. రోళ్లు పగిలే ఎండలో కూడా ఆయన భుజం మీది నల్ల గొంగడి దిగేది కాదు. అసలు పేరేమిటో ఆయనే మరిచిపోయాడని ఊళ్లో వేళాకోళంగా అనుకునేవాళ్లు.

ఆయన దగ్గర కాలిన పుండ్లకు రాసే మలాం ఒకటి ఉండేది. ఆవునెయ్యి, తేనెమైనం, దబ్బతొక్కలోంచి తీసిన సారం, అంతే సరుకు. ఎండాకాలం వస్తే కొట్టాలు అంటుకునే సీమ అది. మలాం లేకపోతే గడవదు. మామూలు నెయ్యి గాలి తగిలితే కొన్నాళ్లకే చెడుతుంది, చెడిన నెయ్యి పూస్తే పుండు ఇంకా రేగుతుంది. కంబళి సాహెబు మలాం మాత్రం ఏడాది తిరిగినా నిన్న కాచినట్టే ఉండేది. ఆ మహిమ దబ్బతొక్కదని ఆయనే చెప్పేవాడు.

"చెట్టు కాపుకొస్తే సంబరపడతాం. ఆ కాపుకు కాపెవరు? తొక్కే గదా. ఎండ కాసినా, గాలి కొట్టినా లోపలి పండును అదే చెడనియ్యదు. ఆ కావలివాణ్ని బతిమాలి మన నేతిలోకి తెచ్చుకుంటాం. అంతకు మించి మనం చేసేదేమీ లేదప్పా."

ఈ ఏడు ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. దబ్బకాయలు పండగానే మలాం కాచే పని నూరుల్లాకు అప్పగించాడు.

నూరుల్లా తకియాకు వచ్చి ఏడాది కాలేదు. పట్టణంలో బాగా చదువుకున్నవాడు. బుద్ధిమంతుడే, కాదనలేం. కాకపోతే అతనికి నికార్సు పిచ్చి. నీళ్లు తాగాలంటే గుడ్డ మీద గుడ్డ వేసి వడకట్టాలి. నెయ్యి కొనాలంటే వాసన చూసి, వేలి మీద రుద్ది, వెలుగుకు పెట్టి, అప్పటికీ సగం మనసుతో కొనేవాడు. ప్రతిదానికీ "ఇది నికార్సైనదేనా?" అనేవాడు. తకియాకు పాలు పోసేవాళ్లు అతనికి నికార్సు సాయెబని పేరు పెట్టేశారు. ఆ పేరు అతని చెవిన పడింది కూడా. లోలోపల అతనికి నచ్చింది.

"తొక్కలో సారం దేంతో తియ్యాల హజ్రత్?" అని మొదటిరోజే అడిగాడు.

"దబ్బనే అడుగు" అన్నాడు గురువు.

అది వేళాకోళమో, ఉపదేశమో తెలియలేదు. నూరుల్లా వాన నీళ్లు పట్టి ఉంచిన కాగు తెరిచాడు. నేల తాకని నీళ్లు, వాటికన్నా నికార్సైనవి ఎక్కడ దొరుకుతాయి? తొక్కలు అందులో వేసి మరగబెట్టాడు. నీళ్లు పచ్చగా దిగాయి, చేదుగా ఉన్నాయి. వాటిని ఇగరబెట్టి నేతిలో కలిపాడు. మలాం చూడ్డానికి బాగానే ఉంది. కొన్నాళ్లకు చూస్తే ఈ కంపు. మళ్లీ కాచాడు, మళ్లీ కంపు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సారా కాచే తిప్పన్న తన కోడలు నాగుల్ని వెంటబెట్టుకుని తకియాకు వచ్చాడు. ఆ పిల్ల కుడి మోచెయ్యి, దాని కింద ముంజెయ్యి అంతా కాలి బొబ్బలెక్కి ఉంది. తిప్పన్న ఒంటి నుంచి బట్టీ వాసన. అతని ఇంట్లో గోడలకు కూడా ఆ వాసనే ఉంటుంది, మనిషికి లేకుండా ఎట్లా పోతుంది?

నూరుల్లా గడపలోనే నిలబడిపోయాడు. ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

"ఎట్లా కాలింది?" అని అడిగాడు అంత దూరం నుంచే.

నాగులు బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

"బట్టీ కాడ కాలింటాది సాయెబూ. అడిగితే చెప్పదు" అన్నాడు తిప్పన్న.

"ముందు ఇద్దరూ ఏటికి పోయి మునిగి రండి. ఈ వాసనతో లోపలికి రాకూడదు."

కాలిన చేత్తో ఆ పిల్ల ఏట్లో ఎట్లా మునుగుతుందని అతనికి తోచలేదు. వాళ్లు ఎదురు చెప్పలేదు. అట్లాగని ఏటికీ పోలేదు. చింతచెట్టు నీడలో కూలబడ్డారు. కాసేపటికి కంబళి సాహెబు కర్ర ఊతంగా తనే బయటికి వచ్చి, ఆ పిల్ల ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు. పోయినేటి మలాం జాడీలో అడుగున మిగిలింది గోకి గోకి తీసి పూశాడు. పూస్తూ పూస్తూ ఏదో మెల్లగా అడిగాడు. నాగులు తల వంచుకుంది, అంతే.

కట్టు కట్టించుకుని వాళ్లు వెళ్లాక గురువు ఖాళీ జాడీని నూరుల్లా చేతికిచ్చాడు.

"నిప్పును ముట్టుకుంటే అరచెయ్యి కాలుతాది. దీనికి మోచెయ్యి కాలిందేమప్పా?"

నూరుల్లా జాడీ అడుగు వంక చూశాడు.

"ఇంకో వారానికి కట్టు విప్పి మళ్లీ పూయాల. కొత్త మలాం పూచీ నీదే" అని గురువు లోపలికి పోయాడు.

నూరుల్లాకు ఆ ఖాళీ జాడీ గుండెల మీద రాయిలా కూర్చుంది. మలాం అందకపోతే ఆ చెయ్యి కుళ్లిపోవచ్చు. పిల్ల పడుచుది, కుడిచెయ్యి. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. గురువు దగ్గరికి పోయి ఉన్నమాట చెప్పేశాడు.

"నీళ్లతో అడిగాను హజ్రత్. దబ్బ సగం మాటే చెప్పింది. నేతికి కావలి కాసేవాడు బయటికి రాలేదు."

"అట్లయితే సారాతో అడుగు."

నూరుల్లాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఈ ఇంట్లో సారా పేరు ఎత్తడమా! ఎత్తింది ఎవరు? తను రోజూ చెప్పులు తుడిచి పెట్టే మనిషి!

"అది మనకు హరాం గదా" అన్నాడు.

"నిన్ను తాగమనలే. అడగమన్నా. పైకి పూసే మందు అది, నోట్లోకి పోదు. పో, తిప్పన్న దగ్గర తెచ్చుకో. ఇంకొకరిని పంపొద్దు."

పోయాడు. మిట్టమధ్యాహ్నం, తల మీద ఉత్తరీయం కప్పుకుని, తేలు కుట్టిన దొంగలా గోడల వారన పోయాడు. తిప్పన్న మాత్రం అతన్ని చూసి పెళ్లివారు వచ్చినంత సంబరపడ్డాడు. మంచం వాల్చాడు, కూర్చోమన్నాడు. సంగతి విని, అడిగినదానికన్నా పెద్ద బుడ్డి నింపి ఇచ్చాడు. నాగుల్ని పిలిచి, "సాయెబుకు నీళ్లియ్యి తల్లీ, ఎండన పడి వచ్చినాడు" అన్నాడు.

నాగులు ఎడమచేత్తో చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది. నూరుల్లా పెదాలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి.

"దాహం లేదు" అన్నాడు.

తిప్పన్న ఆ పెదాల వంక ఒకసారి చూశాడు. చెంబు తీసుకుని పక్కన పెట్టేశాడు. నాగులు లోపలికి పోయింది.

తకియాకు వచ్చాక నూరుల్లాకు కొత్త దిగులు పట్టుకుంది. ఈ సారా చూడబోతే సగం నీళ్లలా ఉంది. హరామైనా సరే, వాడక తప్పనప్పుడు నికార్సైనదే వాడాలి గదా! వినేవాళ్లకు నవ్వు రావచ్చు గాని అతనికి మాత్రం అది ధర్మసంకటమే. గులాబీ అత్తరు దించే రాగి బట్టీ ఒకటి తకియా మూలన ఉంది. సారాను అందులో పోసి మళ్లీ దించాడు. దించిందాన్ని మళ్లీ దించాడు. చివరికి ఒక చుక్క రాతి మీద వేసి నిప్పంటిస్తే నీలంగా మండి, తడి మచ్చ కూడా మిగలకుండా పోయింది. నూరుల్లా ఆ రాతిని వేలితో తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది. పేరు నిలబెట్టుకున్నాననుకున్నాడు.

తోటలో దబ్బ కాపు అప్పటికి అయిపోవస్తోంది. ఉన్న కాయలన్నీ తెచ్చి, ఒలిచి, తొక్కలన్నీ ఆ సారాలో వేశాడు. జాడీ మూత తీస్తే దబ్బ తోటంతా గదిలోకి వచ్చి కూర్చున్నంత వాసన. మర్నాడు అందులోంచి కొంచెం తీసి ఆరబెట్టి చూశాడు. గిన్నె అడుగున నూనె మరక లాంటిది ఇంత మిగిలింది. అదే గోకి కాస్తంత నేతిలో కలిపి ఎండలో పెట్టాడు.

ఎండలో పెట్టిన నెయ్యి మూడు రోజులు తిరగకుండానే కంపు కొట్టింది.

ఈసారి అతను ముఖం తిప్పుకోలేదు. ఆ మూకుడు ముందే చతికిలబడ్డాడు. కాయలు లేవు. తోటలో ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. మర్నాడే నాగులు కట్టు విప్పాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు.

గొంగడి అంచు నేల మీద ఈడ్చుకుంటూ గురువు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నావల్ల కాదు హజ్రత్. నన్ను పంపించేయండి" అన్నాడు నూరుల్లా. "నికార్సైన నీళ్లు పోశాను. నికార్సైన సారా పోశాను. ఇంకేం పొయ్యాల?"

గురువు జాడీలో చెయ్యి పెట్టి ఒక తొక్క తీశాడు. రాతి మీద తట్టాడు. టక్కుమంది. ఇంకొకటి తీసి తట్టాడు. అదీ టక్కుమంది. మెత్తటి దబ్బతొక్కలు చెక్కముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

"పట్టుకో" అని ఒకటి శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఏమంటాంది?"

"ఏమీ అనడం లేదు."

"ఎందుకనడం లేదు?"

నూరుల్లా ఆ తొక్కను వంచబోయాడు. వంగలేదు.

గురువు పక్కనే ఉన్న తన చెంబు అందుకున్నాడు. తాగగా మిగిలిన నీళ్లు, ఏటి నీళ్లు, వడకట్టనివి. చెయ్యి వణుకుతుంటే, తొణుకుతూ తొణుకుతూ ఆ నీళ్లు నేరుగా సారా జాడీలో పోసేశాడు.

"హజ్రత్!" అని కేక పెట్టాడు నూరుల్లా. చెంబు పట్టుకోబోయాడు. అప్పటికే చెంబు ఖాళీ.

అప్పుడు చూశాడు అతను. బంగారపు రంగులో అద్దంలా ఉన్న సారా, నీళ్లు తగిలిన చోట తెల్లబడింది. ఆ తెలుపు చుట్టలు చుట్టలుగా అడుక్కి దిగి, అడుగు నుంచి పైకి లేచి, చూస్తుండగానే జాడీ అంతా పాలైపోయింది. పాలు పోసినవాళ్లు లేరు. నీళ్లలో లేవు, సారాలో లేవు. ఇంతసేపూ కంటికి కనబడకుండా ఎక్కడ దాగి ఉన్నాయో ఆ పాలు! నూరుల్లాకు ఒళ్లు జలదరించింది. దేవుడి పేరు తనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"చూస్తా ఉండు" అన్నాడు గురువు.

ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. మధ్యాహ్నం నమాజుకు లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. తొక్కలు మెల్లమెల్లగా ఉబ్బాయి. అంచులు విచ్చుకున్నాయి. వాటిలోంచి పసుపు దిగసాగింది, మొదట సన్నటి దారాల్లా, ఆ తర్వాత ధారగా. పొద్దు వాలేసరికి జాడీ తేనె రంగుకు తిరిగింది. నూరుల్లా ఒక తొక్క తీసి చూశాడు. నానిన గుడ్డలా మెత్తగా ఉంది, రంగంతా వదిలేసి తెల్లబోయింది.

"నీళ్లు ఒక్కటే పోతే లోపలున్నదాంట్లో సగం వాటికి లొంగదు" అన్నాడు గురువు. "సారా ఒక్కటే పోతే తొక్క భయపడి బిగుసుకుంటాది. నీళ్లు తలుపు తీయాల. సారా లోపలికి పోయి పిలుచుకురావాల."

వడకట్టి వెడల్పాటి గిన్నెలో పోసి, వేడినీళ్ల మూకుడు మీద పెట్టారు, మంట దగ్గర లేకుండా, ఆరుబయట. వాసన పైకి లేచి పోయింది. ఎంతో సేపటికి అడుగున చిక్కటి నల్లతేనె లాంటిది మిగిలింది. నూరుల్లా దాన్ని వేలికి రాసుకుని వాసన చూశాడు. చేదు, దబ్బ, ఎండ. సారా జాడ లేదు.

"సారా ఏది హజ్రత్?"

"వెళ్లిపోయింది. పిలుచుకొచ్చి అప్పజెప్పి వెళ్లిపోయింది. దాని పని అంతే గదా."

ఆ మాట అన్న మనిషి వణికే చేతుల వంక చూసి నూరుల్లాకు ఎందుకో గుండె కలుక్కుమంది. నెయ్యి కరగబెట్టడానికి లేచాడు.

మర్నాడు కొత్త మలాం తీసుకుని నూరుల్లా ఒక్కడే తిప్పన్న ఇంటికి పోయాడు. ఈసారి తల మీద ఉత్తరీయం కప్పుకోలేదు. గడప దాటి లోపలికి పోయి కింద కూర్చున్నాడు. నాగులు చెయ్యి చాపింది. పాత కట్టు విప్పి, చల్లగా, నొప్పి తెలియకుండా మలాం పూశాడు. పూస్తుంటే గురువు మాట గుర్తొచ్చింది. కాలింది మోచెయ్యే. అరచేతి మీద మచ్చ కూడా లేదు.

"ఎట్లా కాలిందమ్మా?"

ఆ పిల్ల నేల చూపులు చూసింది. భుజాలు దగ్గరికి తీసుకుంది. మలాం కింద చెయ్యి బిర్రబిగుసుకోవడం అతని వేళ్లకు తెలిసింది.

నూరుల్లా చెయ్యి ఆగిపోయింది. రాతి మీద టక్కుమన్న తొక్క చప్పుడు అతని చెవిలో మళ్లీ వినిపించింది.

ఇంకేమీ అడగకుండా కొత్త గుడ్డ చుట్టి కట్టు కట్టాడు. గోడ వారన తడి గుడ్డ చుట్టిన నీళ్లకడవ ఉంది. దాని మీద చెంబు బోర్లించి ఉంది. అతను ఆ చెంబు వంక చూశాడు.

"దాహంగా ఉంది తల్లీ" అన్నాడు. "కాసిన్ని నీళ్లిస్తావా?"

పక్కన కూర్చున్న తిప్పన్న తలెత్తి చూశాడు. విన్నది నిజమో కాదో అన్నట్టు ఒక క్షణం ఉండి, ఏమనుకున్నాడో ఏమో, ఎద్దుకు మేత వెయ్యాలంటూ బయటికి వెళ్లిపోయాడు.

నాగులు లేచి చెంబు ముంచింది. తెచ్చి అతని ముందు ఆగిపోయింది. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో ఇస్తే పెద్దమనిషిని అవమానించినట్టని ఆ పిల్ల తటపటాయించింది. నూరుల్లా రెండు చేతులూ చాచి ఆ ఎడమచేతి నుంచే చెంబు అందుకున్నాడు. వడకట్టలేదు. వాసన చూడలేదు. గడ్డం మీదుగా కారిపోతుంటే గటగటా తాగేశాడు, చెంబు ఖాళీ అయ్యేదాకా.

ఆ పిల్ల ఖాళీ చెంబు అందుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని అతని ఎదుట కూర్చుంది.

"కండ్లకు చీకట్లు కమ్ముతాయి సాయెబూ" అంది, గొణిగినట్టు. "తర్వాత ఏమయితాదో నాకు తెలీదు. లేచేటప్పటికి నోట్లో నురగ ఉంటాది. ఆ పొద్దు లేచేటప్పటికి చెయ్యి నిప్పుల్లో ఉండింది. చిన్నప్పట్నించీ ఉంది ఈ పాడు మూర్ఛ. మా అమ్మోళ్లు చెప్పకుండా పెండ్లి చేసినారు. మామకు తెలిస్తే నన్ను పంపించేస్తారని..."

ఇక ఆగలేదు ఆ పిల్ల. ఏడుస్తూ చెప్పింది, చెబుతూ ఏడ్చింది. పొయ్యి ముందు కూర్చున్న ప్రతిసారీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నానంది. నూరుల్లా కదలకుండా విన్నాడు. ఆ రోజు గడపలో నిలబడి ముక్కు మూసుకుని అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఇంకొకసారి ఆ పిల్ల నిప్పు మీద పడి ఉంటే? ఈసారి ముఖం పడి ఉంటే?

పోయేటప్పుడు తిప్పన్నతో ఒక్క మాటే చెప్పాడు. "ఈ చెయ్యి మానేదాకా పొయ్యి సెగ తగలకూడదు అన్నా. రేపు తకియాకు పిలుచుకురా, లోపల కూర్చోబెడతాను."

"మునిగి రమ్మంటావా సాయెబూ?" అన్నాడు తిప్పన్న. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు.

"వద్దన్నా" అన్నాడు నూరుల్లా.

తకియాకు తిరిగి వచ్చేసరికి కంబళి సాహెబు చింతచెట్టు కింద కూర్చుని, రంగు వదిలిన దబ్బతొక్కల్ని చెట్టు మొదట్లో పోస్తున్నాడు. నూరుల్లా ఎదురుగా కూర్చుని విన్నదంతా చెప్పాడు.

గురువు చేతిలో మిగిలిన తొక్కలు కూడా చెట్టు మొదట్లో పోసేశాడు.

"దానికి వేరే మందు ఉంది. రేపట్నించి మొదలుపెడదాం. తిప్పన్న మంచోడు, మెల్లగా నేను చెప్తా" అన్నాడు. కర్ర మీద ఆనుకుని లేవబోతూ ఆగి, శిష్యుడి ముఖంలోకి చూశాడు. "ఆ పొద్దు నేనడిగినా ఆ బిడ్డ నోరు విప్పలే. నువ్వు ఎట్లా అడిగినావప్పా?"

నూరుల్లా నోరు తెరిచాడు. నాగులు ఇచ్చిన నీళ్లకు గడ్డం ఇంకా తడిగానే ఉంది. తుడుచుకోవడానికి చెయ్యెత్తి, తుడుచుకోకుండా దించేశాడు.